సంధిస్థలంలో ధర్మం

ఖరగ్‌పూర్ జంక్షనుకు పడమట, టాటానగర్ వైపు పోయే దారిలో నిమ్‌పురా ఉన్నది. ఆగ్నేయ రైల్వే పటంలో అది ఒక మార్షలింగ్ యార్డు. అక్కడి తెలుగు కుటుంబాలకు మాత్రం అది సొంత ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, పందొమ్మిదో శతాబ్ది ముగిసేనాటికి ఖరగ్‌పూర్‌ను కూడలిగా చేసుకొని ఆ వెంటనే వర్క్‌షాపులు నెలకొల్పింది. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల నుంచి అనేక కుటుంబాలు తరలి వెళ్ళాయి. తరాలు గడిచినా ఆ వీధులలో తెలుగు వినబడుతూనే ఉన్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించడం వెనుక ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాలపు విజ్ఞప్తి ఉన్నది.

నా బాల్యం ఆ యార్డు చప్పుళ్ళ మధ్యనే గడిచింది. దూరప్రాంతాల నుంచి వచ్చిన గూడ్సు బళ్ళను మార్షలింగ్ యార్డులో విడదీస్తారు. ఒక్కొక్క వ్యాగనును దాని గమ్యాన్ని బట్టి వేర్వేరు లైన్లలోకి పంపి, తిరిగి కొత్త బళ్ళుగా కూరుస్తారు. ఒకే చోటికి పోయే నిండు రేకులను నడిపే పద్ధతి పెరిగిన తరువాత దేశంలో ఈ కూర్పు పని చాలా తగ్గింది. అయినా దానిని దగ్గర నుంచి చూచినవారికి ఒక సంగతి మనసులో నాటుకొని ఉంటుంది. మంచి వ్యాగన్లను వరుసగా నిలిపినంత మాత్రాన మంచి బండి తయారు కాదు. కప్లింగు సరిగా పడాలి. బ్రేకు గొట్టం ఈ కొస నుంచి ఆ కొస వరకు కలవాలి. ఏ ఒక్క వ్యాగనును పరీక్షించినా కనబడని లోపం రెండు వ్యాగన్ల నడుమ ఉండవచ్చు.

నేడు బ్యాంకులు, ఆసుపత్రులు, రైల్వే టికెట్లు, ప్రభుత్వ పథకాలు అన్నీ ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లు పరస్పరం సందేశాలు పంపుకొంటూ చేసే పని మీద ఆధారపడి ఉన్నాయి. వీటిని వికేంద్రిత వ్యవస్థలు అనవచ్చు. వీటిని ఏ విధంగా కూర్చాలి, ఏ విధంగా సమన్వయపరచాలి అనే ప్రశ్నకు గణితశాస్త్రం గత 60 సంవత్సరాలుగా పునాదులు వేస్తూ వచ్చింది. చరిత్ర చదువుకొని పరిపాలనలో ఉద్యోగం చేస్తున్న నా వంటివాడు ఆ గణితాన్ని సాధికారంగా బోధించలేడు. అయితే అది తేల్చిన విషయాల అడుగున ఒక నైతిక ప్రశ్న ఉన్నది. అది కార్యాలయంలో కూర్చునే ప్రతి ఒక్కరికీ చెందినది. ప్రతి భాగమూ తన పని తాను సక్రమంగా చేసినప్పటికీ మొత్తం తప్పిపోతే, ఆ తప్పుకు పూచీ ఎవరిది? ఎవరి ధర్మం వారు నెరవేర్చడం చాలునా?

మాట మీద నడిచే బండి

ఈ ప్రశ్నను కంప్యూటర్ల కంటె ముందు రైల్వేలు ఎదుర్కొన్నాయి. ఒక స్టేషను నుంచి బండిని విడవాలంటే ముందరి స్టేషను 'లైన్ క్లియర్' ఇవ్వాలి. బండిని విడిచే మాస్టరుకు ఆవలి లైను కనబడదు. ఆయన దగ్గర ఉన్నది పొరుగు మాస్టరు మాట ఒక్కటే. ఒంటి లైను సెక్షన్లలో ఆ మాటకు ఒక వస్తురూపం కల్పించారు. అది టోకెను, చాలాచోట్ల ఒక లోహపు బంతి. రెండు స్టేషన్లలోని యంత్రాలకు గల విద్యుత్ సంబంధం వల్ల, ఒక సమయంలో ఒకే ఒక బంతి బయటికి వస్తుంది. అది చేతికి అందనిదే డ్రైవరు బండిని కదల్చడు.

అటువంటిదే ప్రైవేటు నంబరు అనే మరొక ఏర్పాటు. సిగ్నళ్ళతో ఇంటర్‌లాకింగ్ లేని లెవెల్ క్రాసింగు దగ్గర గేట్‌మన్ గేటు మూసి, స్టేషను మాస్టరుకు ఫోనులో ఆ సంగతి చెప్పి, తన పుస్తకంలో తరువాత వచ్చే సంఖ్యను చదువుతాడు. ఆ సంఖ్యలు వరుస క్రమంలో ఉండవు. ఒకసారి చెప్పిన సంఖ్యను కొట్టివేస్తారు. చెప్పినవాడు, విన్నవాడు ఇద్దరూ దానిని రాసుకొంటారు. నిన్నటి మాటను నేటి మాటగా పొరబడకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. నేటి కంప్యూటర్లు ఒక సందేశం పాతది కాదని రుజువు చేసుకోవడానికి వాడే ఒకసారి సంఖ్యలకు ఇది సోదరుడే.

మా నాన్నగారు కొంతకాలం అటువంటి గేటు దగ్గర పనిచేశారు. రాత్రివేళ వాన కురుస్తున్నా సరే, గేటు వేసి, తాళం లాగి చూచి, పట్టాల మీద మనిషిగాని పశువుగాని లేదని తేల్చుకొన్న తరువాతనే ఫోను ఎత్తేవారు. గుమటీ గుమ్మంలో నిలబడితే కనబడుతున్నది గదా అని నేనొకసారి అడిగాను. "నెంబరు నోటితో సెప్పొచ్చురా. గేటు కాడికి కాళ్ళెళ్ళాల" అన్నారు. ఆ మాటలోని శాస్త్రం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

కంప్యూటర్ శాస్త్రం రైల్వేల నుంచి పదాన్ని సైతం అరువు తెచ్చుకొన్నది. ఒకే పరికరం కోసం అనేక పనులు పోటీపడినప్పుడు, ఒక పని ముగిసేవరకు మరొకటి ప్రవేశించకుండా కాచే సాధనాన్ని 1960 దశకంలో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా రూపొందించాడు. దానికి ఆయన పెట్టిన పేరు 'సెమఫోర్'. అది పాత రైల్వే స్టేషన్లలో చేయి పైకి, కిందికి వాల్చే సిగ్నలు పేరు. ఒంటి లైను మీద లోహపు బంతి చేసే పనినే అది కంప్యూటరు లోపల చేస్తుంది.

కూర్పుకు వ్యాకరణం

తరువాత వచ్చిన గణితవేత్తలు ఈ ఆలోచనను వ్యాకరణంగా విస్తరించారు. జర్మనీకి చెందిన కార్ల్ ఆడమ్ పెట్రి 1962లో తన పరిశోధన గ్రంథంలో, వేర్వేరు చోట్ల ఏకకాలంలో జరిగే సంఘటనలను సూచించడానికి ఒక వలవంటి చిత్ర గణితానికి పునాది వేశాడు. అందులో గుర్తులు, అంటే టోకెన్లు, ఒక స్థానం నుంచి మరొక స్థానానికి కదులుతాయి. 1978లో టోనీ హోర్, 1980లో రాబిన్ మిల్నర్ సందేశాల ద్వారా మాట్లాడుకొనే ప్రక్రియలకు బీజగణితాన్ని నిర్మించారు. అంకెలను కూడినట్లే రెండు ప్రక్రియలను పక్కపక్కన కూర్చి, ఆ కూర్పు ఎలా ప్రవర్తిస్తుందో లెక్క కట్టే పద్ధతి అది.

1978లోనే లెస్లీ లాంపోర్ట్ కాలాన్ని గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాడు. దూరదూరంగా ఉన్న యంత్రాల గడియారాలు ఎన్నడూ పూర్తిగా ఏకీభవించవు. కనుక రెండు సంఘటనలలో ఏది ముందు అన్నది గడియారం చూచి తేల్చరాదు. ఒకదాని నుంచి బయలుదేరిన సందేశం రెండవదానికి చేరిందా అన్నది చూడాలి. చరిత్ర విద్యార్థులకు ఇది కొత్త కాదు. తేదీలేని శాసనాలు రెండు దొరికినప్పుడు, ఏది దేనిని ప్రస్తావించిందో చూచి మనం వాటి పౌర్వాపర్యాన్ని నిర్ణయించడం లేదా? ఏ ప్రస్తావనా లేనిచోట ముందువెనుకలు చెప్పలేమని ఒప్పుకొంటాము. లాంపోర్ట్ గణితం కూడా ఆ నిజాయితీనే పాటిస్తుంది.

ఈ శాస్త్రం అవసరం ఎందుకంటే, భాగాలు ఒప్పుగా ఉన్నంత మాత్రాన కూర్పు ఒప్పు కాదు. ఎదురెదురుగా రెండు బళ్ళు, ఒక్కొక్కటి ఒక్కొక్క లైనును ఆక్రమించి ఉన్నాయనుకొందాం. ముందరి లైను ఖాళీ అయితేనే కదలాలన్నది నియమం. రెండూ ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాయి. రెండూ శాశ్వతంగా నిలిచిపోతాయి. నియమోల్లంఘన ఎక్కడా లేదు, ప్రయాణమూ లేదు. అలాగని అన్ని సందర్భాలను పరీక్షించి చూడడమూ సాధ్యం కాదు. ఒక్కొక్కటి 10 స్థితులలో ఉండగల 10 యంత్రాలను కలిపితే, మొత్తం వ్యవస్థకు 1,000 కోట్ల స్థితులు ఏర్పడతాయి. అందువల్లనే భాగాల గురించి రుజువైన విషయాల నుంచి మొత్తాన్ని గురించి రుజువు చేసే మార్గాన్ని గణితం వెదికింది. 1998లో పారిస్ మెట్రోలో డ్రైవరు లేకుండా నడిచే 14వ లైనును ప్రారంభించినప్పుడు, భద్రతకు సంబంధించిన ప్రోగ్రాములను అటువంటి గణిత రుజువులతోనే నిర్మించారు.

తెలుగు చదువుకొన్నవారికి ఈ విషయం సంధి రూపంలో సుపరిచితమే. 'అతడు' శుద్ధమైన పదం. 'ఎక్కడ' కూడా శుద్ధమైన పదమే. కలిసినప్పుడు 'అతడెక్కడ' అవుతుంది. లోపించిన ఉకారం రెండు పదాలలో దేని నిఘంటు రూపంలోనూ తప్పు కాదు. మార్పు కలయికలో పుట్టింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధికి ప్రత్యేకంగా ఒక పరిచ్ఛేదాన్ని కేటాయించాడు. ఒకచోట సంధి నిత్యం, ఒకచోట వైకల్పికం, మరొకచోట నిషేధం. పదాల అర్థం ఎంత తెలిసినా ఈ నియమాలు వేరుగా తెలియవలసినవే. వికేంద్రిత వ్యవస్థల గణితాన్ని యంత్రాల సంధి పరిచ్ఛేదం అనవచ్చు.

ఆప్తవాక్యానికి గల హద్దులు

ఈ గణితం తన శక్తిని ఎంత స్పష్టంగా చెప్పిందో తన పరిమితులనూ అంత స్పష్టంగా చెప్పింది. రెండు కొండల మీద ఒకే పక్షానికి చెందిన రెండు సేనలున్నాయి. లోయలో శత్రువు ఉన్నాడు. ఇద్దరు సేనాపతులూ ఒకేసారి దాడి చేస్తేనే గెలుపు. వారి నడుమ నడిచే దూత దారిలో పట్టుబడవచ్చు. 'రేపు ఉదయం' అని మొదటివాడు కబురు పంపాడు. అది చేరిందో లేదో తెలియాలంటే ప్రత్యుత్తరం రావాలి. ప్రత్యుత్తరం చేరిందని రెండవవాడికి తెలియాలంటే మరొక కబురు కావాలి. ఎన్ని కబుర్లు నడిచినా ఇద్దరికీ సమానమైన నిశ్చయం కలగదని 1970 దశకంలో నిరూపించారు. సందేశాలకు కాలపరిమితి లేని వ్యవస్థలో ఒక్క యంత్రం మూగబోయే అవకాశం ఉన్నా, తప్పక ఏకాభిప్రాయానికి చేర్చగల నిర్ణీత పద్ధతి ఏదీ ఉండదని 1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ నిరూపించారు. కారణం సులభంగానే బోధపడుతుంది. జవాబు రానప్పుడు అవతలివాడు మరణించాడా, ఆలస్యం చేస్తున్నాడా అన్నది ఇవతలివాడికి తెలిసే మార్గం లేదు.

ఇక అబద్ధం సంగతి. చేతివ్రాలు వంటి గుర్తింపు లేని సందేశాలలో ఒక్క అబద్ధీకుడిని తట్టుకొని మిగిలినవారు ఏకాభిప్రాయానికి రావాలంటే, కనీసం నలుగురు ఉండాలి. ఇద్దరు అబద్ధీకులుంటే ఏడుగురు కావాలి. 1982లో లాంపోర్ట్, షోస్టాక్, పీజ్ ప్రచురించిన ఫలితం ఇది. ముగ్గురిలో ఒకడు అబద్ధమాడితే, మిగిలిన ఇద్దరు సత్యవంతులకు తమలో ఎవరిని నమ్మాలో తెలియదు.

వీటన్నిటి సారం ఒక్కటే. వికేంద్రిత వ్యవస్థలోని భాగానికి ఇతర భాగాల విషయంలో ప్రత్యక్షజ్ఞానం లేదు. ఉన్నది శబ్దజ్ఞానం మాత్రమే. శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరించాలంటే ఏమి కావాలో మన నైయాయికులు ఏనాడో చర్చించారు. ఆప్తుని వాక్యమే ప్రమాణమని గౌతముని న్యాయసూత్రాల మతం. భాష్యకారుడు వాత్స్యాయనుడు ఆప్తునికి చెప్పిన లక్షణాలలో రెండు మనకు ఇక్కడ ముఖ్యం. అతడు విషయాన్ని స్వయంగా సాక్షాత్కరించుకొన్నవాడై ఉండాలి. చూచినదానిని చూచినట్లు చెప్పాలనే కోరిక గలవాడై ఉండాలి. మొదటిది లేనివాడు మంచివాడైనా ఆప్తుడు కాడు. సదుద్దేశంతో, కాని చూడకుండా చెప్పిన మాట శబ్దప్రమాణం కాజాలదు. నాన్నగారు గేటు దగ్గరికి నడచి వెళ్ళినది మొదటి లక్షణం కోసం. ఫోనులో నంబరు చదివినది రెండవదాని కోసం.

అన్యోన్యాశ్రయం

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. మొదటి యంత్రం రెండవదానిని నమ్మి పనిచేస్తుంది. రెండవది మొదటిదానిని నమ్మి పనిచేస్తుంది. తర్కశాస్త్రంలో దీనిని అన్యోన్యాశ్రయ దోషమంటారు. 'నీవు మంచివాడవైతే నేను మంచివాడిని' అని ఇద్దరూ అంటే, ఇద్దరూ చెడ్డవారైనప్పుడు కూడా ఆ రెండు వాక్యాలూ నిజమే అవుతాయి. ఇటువంటి కూర్పులను రుజువు చేయడం ఎలాగ?

ఖరగ్‌పూర్‌కు పొరుగున ఉన్న ఒడిశాకు చెందిన జయదేవ్ మిశ్రా, కె. మణి చాందీతో కలిసి 1981లో ఈ చిక్కుకు ఒక మార్గం చూపాడు. 1983లో బ్రిటన్‌కు చెందిన క్లిఫ్ జోన్స్ దానికి దగ్గరైన మరొక పద్ధతిని ప్రతిపాదించాడు. ప్రతి భాగానికీ రెండు వాక్యాలు రాయాలి. ఇతరుల నుంచి తాను ఆశించేది ఒకటి, ఇతరులకు తాను ఇచ్చే హామీ మరొకటి. ఆ రెండింటినీ అడుగు అడుగునా కట్టివేయాలి. 'ఇంతవరకు నీవు మాట నిలబెట్టుకొన్నావు, కనుక మరొక అడుగు వరకు నేను నా మాట నిలబెట్టుకొంటాను.' ఇద్దరూ ఈ విధంగా అంగీకరిస్తే వలయం తెగి నిచ్చెన అవుతుంది. కాని ఆ నిచ్చెనకు మొదటి మెట్టు ఎవరూ షరతుగా పెట్టరాదు. ఎదుటివాడి నుంచి ఇంకా ఏ రుజువూ రాకముందే, మొదటి అడుగులో ప్రతివాడూ నిజాయితీగా ఉండాలి.

మనుషుల చరిత్రలో ఇందుకు ఉదాహరణ ఖరగ్‌పూర్‌లోనే దొరుకుతుంది. 1927లో అక్కడి రైల్వే వర్క్‌షాపుల కార్మికులు ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా పోరాడారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికోద్యమానికి నాయకత్వం వహించిన వరాహగిరి వేంకటగిరి, తరువాత 1969లో రాష్ట్రపతి అయ్యారు. సమ్మెలో ప్రతి కార్మికుడి ముందూ అన్యోన్యాశ్రయమే ఉంటుంది. అందరూ నిలిస్తే నేను నిలుస్తాను, నేనొక్కడినే నిలిస్తే నా ఉద్యోగం పోతుంది. తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా మాట్లాడే వేలమంది మధ్య ఇటువంటి నమ్మకం ఒక్కనాటి ప్రమాణంతో కలిగేది కాదు. నిన్న పక్కవాడు నిలిచాడు కనుక నేడు నేను నిలుస్తాను అన్న క్రమంలో, ఒక్కొక్క రోజుగా పెరిగేది. మొదటి రోజు నిలిచినవారి దగ్గర మాత్రం ఏ నిదర్శనమూ ఉండదు. గణితవేత్త కాగితం మీద 'ప్రారంభ నియమం' అని ఒక్క పంక్తిలో రాసే విషయానికి మనుషులు ఒక్కొక్కప్పుడు ఇంటిల్లిపాది తిండిని పణంగా పెడతారు.

బహనగా బజార్

ఇంత శాస్త్రం పెరిగిన తరువాత ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయని పాఠకులు అడగవచ్చు. 1856లో ఇంగ్లండుకు చెందిన జాన్ శాక్స్‌బీ సిగ్నళ్ళను పాయింట్లతో ముడివేసే యంత్రానికి పేటెంటు పొందిన నాటి నుంచి, పాయింట్లు అనుకూలించనిదే సిగ్నలు పచ్చగా మారకూడదన్నది ఇంటర్‌లాకింగ్ మూలసూత్రం. 2017 నవంబరులో ఖరగ్‌పూర్‌లో సుమారు 800 మార్గాలను అమర్చగల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పని ప్రారంభించింది. ఆ ఖరగ్‌పూర్ డివిజనులోనే, ఒడిశాలోని బహనగా బజార్ స్టేషను దగ్గర 2023 జూన్ 2 సాయంత్రం ఘోర ప్రమాదం జరిగింది.

షాలిమార్ నుంచి చెన్నై వెళ్ళే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆ సాయంత్రం ఖరగ్‌పూర్ దాటి దక్షిణంగా వస్తున్నది. తెలుగువారికి అది సొంత బండి వంటిది. మెయిన్ లైను మీద నేరుగా పోవచ్చునని సిగ్నలు పచ్చగా ఉన్నది. పాయింట్లు మాత్రం లూప్ లైనుకు తిరిగి ఉన్నాయి. లూప్ లైనులో నిలిచి ఉన్న గూడ్సు బండిని ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నది. పట్టాలు తప్పిన పెట్టెలు పక్క లైనులో పోతున్న బెంగళూరు-హౌరా బండిని తాకాయి. 290 మందికి పైగా మరణించారు. ఉత్తరం వైపు సిగ్నల్ గుమటీలో గతంలో జరిగిన సర్క్యూటు మార్పులలో, ఆ తరువాత 94వ నంబరు లెవెల్ క్రాసింగు దగ్గర విద్యుత్ గేటును మార్చే పనిలో జరిగిన లోపాల వల్ల తప్పుడు సిగ్నలు పడిందని రైల్వే భద్రతా కమిషనరు విచారణ తేల్చింది. తీగెల మీది గుర్తులు తప్పుగా ఉన్న సంగతి సంవత్సరాల తరబడి బయటపడలేదు. 2022 మే 16న అదే డివిజనులోని బాంక్రా నయాబాజ్ దగ్గర తప్పుడు తీగెల వల్లనే ఇటువంటి సంఘటన జరిగిందనీ, అప్పుడే దిద్దుబాటు జరిగి ఉంటే ఈ ప్రమాదం తప్పేదనీ కూడా నివేదిక పేర్కొన్నది.

ఈ సంఘటనలో సిగ్నలు తనకు అందిన సమాచారానికి కట్టుబడే వెలిగింది. డ్రైవరు సిగ్నలుకు కట్టుబడే బండి నడిపాడు. పాయింట్లు ఎటు తిరిగి ఉన్నాయో చెప్పవలసిన మాట దారిలో చెడిపోయింది. 2020లో జాతీయ వ్యవస్థగా స్వీకరించి, ముందుగా దక్షిణ మధ్య రైల్వే లైన్ల మీద విస్తరించిన 'కవచ్' కూడా స్టేషను ఇంటర్‌లాకింగ్ చెప్పిన సమాచారాన్నే వింటుంది. ఒక సిద్ధాంతాన్ని నిరూపించేటప్పుడు గణితం 'ఈ తీగె ఈ పాయింటుదే అనుకొందాం' అని మొదలు పెడుతుంది. ఆ 'అనుకొందాం' నిజమా అన్నది గణితం తేల్చేది కాదు. ఎవరో ఒకరు గుమటీలోకి వెళ్ళి, తీగె కొస నుంచి పాయింటు వరకు వెంబడించి చూడాలి.

మౌనానికి అర్థం

ఈ విషయం రైల్వేలకు పరిమితమని నేను అనుకొనేవాడిని. నా ఉద్యోగంలో ఒక అనుభవం ఆ అభిప్రాయాన్ని మార్చింది. కొన్నేళ్ళ క్రితం ఒక జిల్లాలో ఒక వృద్ధురాలి పింఛను ఆగింది. పొలం పనిలో అరిగిన ఆమె వేళ్ళను వేలిముద్ర యంత్రం గుర్తించలేదు. ఆమె జీవించి ఉన్నట్లు ధ్రువీకరణ ఒక కార్యాలయం నుంచి బయలుదేరలేదు. ధ్రువీకరణ రాలేదు కనుక రెండవ కార్యాలయం ఆమె పేరును నిలుపుదల జాబితాలో చేర్చింది. జాబితాలో పేరున్నది కనుక డబ్బు వేయవలసినవారు వేయలేదు. ఆమె కొడుకు పెట్టుకొన్న అర్జీ మూడు బల్లలు తిరిగి నా దగ్గరికి వచ్చింది. ప్రతి నోటూ సరిగానే ఉన్నది, ప్రతి సంతకమూ ముందరి సంతకాన్ని ఆధారం చేసుకొన్నది. నేను 'నియమానుసారం జరిగినది' అని రాసి ఫైలు పంపివేశాను.

ఐదు నెలల తరువాత ఆమె స్వయంగా అర్జీల దినాన నా ఎదుటికి వచ్చింది. ఆమె నిలబడి ఉన్నది. నా సంతకం ఉన్న కాగితం ఆమె ఉన్నదో లేదో తెలియదంటున్నది. "నాను బతికున్నానని ఇంకెవుల సేత సెప్పించాల బాబూ?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే దారి తెలియక అడిగింది. ఆ వారంలోనే పింఛను పునరుద్ధరించాము. పాత బకాయిలు అందడానికి మరికొంత కాలం పట్టింది. ఆమె నివసించే వీధి నా కార్యాలయానికి ఒక పూట ప్రయాణం కూడా కాదు.

ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదలలేదు. జవాబు రానప్పుడు దానిని మరణమనుకోవాలా, ఆలస్యమనుకోవాలా? గణితం దీనికి సమాధానం లేదని చెబుతుంది. ఎరిక్ బ్రూవర్ 2000లో ప్రతిపాదించగా, 2002లో గిల్బర్ట్, లించ్ నిరూపించిన మరొక సిద్ధాంతం ప్రకారం, వ్యవస్థలోని భాగాల నడుమ సంబంధం తెగినప్పుడు రెండింటిలో ఒకదానిని వదులుకోక తప్పదు. అన్ని పద్దులూ ఏకీభవించడం మనకు ముఖ్యమైతే, సంబంధం కలిసేవరకు సేవను ఆపాలి. సేవ సాగడం ముఖ్యమైతే, పద్దులు కొంతకాలం విభేదించడాన్ని సహించాలి. ఏది వదులుకోవాలో సిద్ధాంతం చెప్పదు. ఆ నిర్ణయం మనకు విడిచిపెట్టింది.

రైల్వే ఈ నిర్ణయాన్ని ఏనాడో చేసింది. మాట అందకపోతే సిగ్నలు ఎర్రగా ఉండాలి, బండి ఆగాలి. అక్కడ ఆగడం వల్ల కలిగే నష్టం ఆలస్యం, సాగడం వల్ల కలిగే నష్టం ప్రాణం. మన కార్యాలయాలు ఈ 'ఆపివేయి' అన్న నియమాన్ని ఆలోచన లేకుండా అనుకరించాయని నా అభిప్రాయం. పింఛను విషయంలో ఆపడమే ప్రాణానికి ముప్పు. సాగించడం వల్ల ఖజానాకు కలిగే నష్టం కొన్ని నెలల మొత్తం, అది కూడా తరువాత రాబట్టుకోదగినది. ఒకచోట భద్రమైన మౌనం మరొకచోట క్రూరమవుతుంది. సందేహం వచ్చినప్పుడు భారం ఎవరి మీద పడాలన్నది ఇంజనీరు ఏకాంతంలో తేల్చవలసిన సాంకేతిక విషయం కాదు. అది నీతి, అందుచేత పాలన.

ఈ నిర్ణయాన్ని బలహీనుల పక్షాన చేయడం సాధ్యమే. సెల్‌ఫోను ద్వారా పంపిన డబ్బు పంపినవారి ఖాతా నుంచి పోయి, అందవలసినవారికి అందకపోవడం అందరికీ తెలిసిన అనుభవమే. రెండు బ్యాంకులూ తమ వైపు తప్పు లేదని చెప్పగలవు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఆ వాదాన్ని పక్కన పెట్టింది. యూపీఐ ద్వారా పంపిన సొమ్ము చేరకపోతే మరుసటి రోజులోగా దానంతట అదే వెనక్కి రావాలి. ఆలస్యమైన ప్రతి రోజుకు 100 రూపాయలు ఖాతాదారుకు చెల్లించాలి. ఖాతాదారు అర్జీ పెట్టుకోనవసరం లేదు. సంధిస్థలంలో జరిగిన లోపానికి సంధిస్థలం వెలుపల ఉన్నవాడు నష్టపోరాదన్నది ఆ ఉత్తర్వు సారాంశం. ఇటువంటి వాక్యాన్ని ప్రతి పథకం నియమావళిలోనూ రాయవచ్చు.

మొదట వేసిన ప్రశ్నకు ఇప్పుడు నాకు తోచిన సమాధానం ఇది. ఎవరి పని వారు చేయడం అవసరమే, కాని చాలదు. నా పని ఎక్కడ ముగుస్తుందో అక్కడ నా మాట మొదలవుతుంది. ఆ మాటను నమ్మి పొరుగువాడు ఏమి చేయబోతున్నాడో తెలుసుకోవడం కూడా నా పనిలో భాగం. నేను పైవాడి సంతకాన్ని నమ్మి సంతకం చేసి, అతడు కిందివాడి సంతకాన్ని నమ్మి చేసి, చివరికి ఎవరూ చూడకపోతే, ఆ ఫైలులో సంతకాలున్నాయి గాని సాక్షి లేడు. ప్రతి గొలుసులోనూ కనీసం ఒక్కచోట ఒక మనిషి వస్తువును కళ్ళారా చూచి ఉండాలి. ఎక్కడ చూడాలో గణితం చూపగలదు. చూడడం మాత్రం మన వంతు.

ఖరగ్‌పూర్ ఊరికి ఒక వైపు, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనాలలో మొదలైన ఐఐటీ ఉన్నది. అక్కడ ఈ గణితాన్ని పాఠంగా చెబుతారు. మరొక వైపు నిమ్‌పురా యార్డు ఉన్నది. పోయిన సంవత్సరం నేను అక్కడికి వెళ్ళినప్పుడు నాన్నగారి కాలపు గుమటీ కనబడలేదు. నా బల్ల మీదకు ఇప్పటికీ నిలుపుదల జాబితాలు వస్తూనే ఉంటాయి. సంతకం చేసే ముందు వాటిలో కొన్ని పేర్లకు గుర్తు పెట్టి, ఆ ఇళ్ళకు మనిషిని పంపుతున్నాను. వీలైనప్పుడు నేనే వెళుతున్నాను.